ఒక శీర్షికకు టీక, తామర మందు ఉదాహరణగా

మూలం: ‘సుప్రామాలిక్యులర్ సింథాన్స్ ఇన్ క్రిస్టల్ ఇంజినీరింగ్ – ఎ న్యూ ఆర్గానిక్ సింథసిస్.’

1995లో ‘ఆంగెవాంటె కెమీ’ పత్రికలో గౌతమ్ దేశిరాజు రాసిన వ్యాసం పేరిది. అప్పుడాయన గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. సైబర్ టవర్స్ తలుపులు తెరవడానికి ఇంకా మూడేళ్లుంది. క్యాంపస్ చుట్టూ బండరాళ్లు, తుప్పలు. ఆ వ్యాసాన్ని ఉదహరించిన పత్రాలు ఈనాటికి వేలల్లో ఉన్నాయి. పదాలను శీర్షికలోని వరసలో కాక, అర్థమయ్యే వరసలో తీసుకుందాం. ఉదాహరణకు తామర మందు ఇట్రాకొనజోల్ చాలు.

క్రిస్టల్: స్ఫటికం. మాత్రల్లోని మందులు చాలావరకు స్ఫటికాలే. అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని వరసలు కడితే నీళ్లు వాటిని విడదీయలేవు. మందు కరగకపోతే రక్తంలోకి వెళ్లదు. ఈ విషయంలో ఇట్రాకొనజోల్ పరమ మొండి. దాని పని మాత్రం చక్కనిది: శిలీంధ్ర కణం పైపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారు కాకుండా అడ్డుపడుతుంది. మన కణాల్లో దాని చోట కొలెస్టరాల్ ఉంటుంది కాబట్టి దెబ్బ ప్రధానంగా శిలీంధ్రానికే తగులుతుంది. కానీ మామూలు నీళ్లలో అది దాదాపు కరగదు. అందుకే ఆ క్యాప్సూల్ అన్నం తిన్నాక వేసుకోమంటారు, గ్యాస్ మాత్రతో కలిపి వద్దంటారు. కడుపులో ఆమ్లం తగ్గితే అది కరగడం ఇంకా తగ్గుతుంది. అయినా దాన్ని వదులుకోలేం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీములు రాసిరాసి తామరను ముదరబెట్టుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. పైగా టెర్బినాఫిన్ అనే మరో మందుకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినే అనే తామర శిలీంధ్రం ఒకటి దేశమంతా పాకింది. దాంతో చర్మవైద్యులకు ఇట్రాకొనజోల్ మీద ఆధారపడక తప్పడం లేదు.

సింథాన్: ఇది అరువు మాట. 1967లో ఇ.జె. కోరీ తెచ్చాడు. కావలసిన అణువును మనసులోనే ముక్కలుగా విడదీసి, ఏ ముక్కలు కలిపితే అది వస్తుందో వెనక్కి ఆలోచించే పద్ధతి అతనిది. 1990లో నోబెల్ వచ్చింది. దేశిరాజు అదే ఆలోచనను అణువు నుంచి స్ఫటికానికి తెచ్చాడు.

సుప్రామాలిక్యులర్: ఒక అణువును దాటి, అణువుకూ అణువుకూ మధ్య నడిచే వ్యవహారం. ఇక్కడ కొత్త రసాయన బంధమేమీ పుట్టదు, పని జరిగేది హైడ్రోజన్ బంధాల వంటి బలహీనమైన పట్లతో. కార్బన్ మీది హైడ్రోజన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉండే అతి బలహీనమైన పట్టును కూడా లెక్కలోకి తీసుకోవాలని వాదించినవారిలో దేశిరాజు ముఖ్యుడు. ఏ అణువు పక్కన ఏది, ఏ భంగిమలో పదేపదే చేరుతుందో ఆ అమరికే ఇక్కడి సింథాన్.

ఇంజినీరింగ్: టీక ఇక్కడ కాస్త నిలవాలి. 2003లో అమెరికాలోని ట్రాన్స్‌ఫార్మ్ ఫార్మాస్యూటికల్స్ శాస్త్రవేత్తలు ఇట్రాకొనజోల్‌కు సక్సినిక్ ఆమ్లం జతచేసి కోక్రిస్టల్, అంటే ఉమ్మడి స్ఫటికం, కట్టారు. రెండు మోదుగాకులను పుల్ల కుట్టినట్టు, రెండు ఇట్రాకొనజోల్ అణువులను మధ్యలో ఒక ఆమ్లపు అణువు పట్టి ఉంచింది. ఫ్యుమరిక్, మాలిక్, టార్టారిక్ ఆమ్లాలూ కుదిరాయి. మలేయిక్ కుదరలేదు. ఫ్యుమరిక్‌కూ దానికీ ఉన్నవి అవే పరమాణువులు, పైగా మలేయిక్ ఇంకా బలమైన ఆమ్లం. కానీ దాని ఆకారం వంగి ఉంటుంది, రెండు చేతులూ ఎడంగా చాచలేదు. ఇక్కడ నెగ్గింది ఆమ్లబలం కాదు, అమరిక. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మాలిక్ ఆమ్లపు కోక్రిస్టల్ కరిగిన తీరు అప్పటి బజారు క్యాప్సూల్‌కు దాదాపు సమానమైంది. ఆ క్యాప్సూల్‌ది వేరే దారి: చక్కెర గుళికల మీద మందును స్ఫటికం కానివ్వకుండా పూస్తారు.

ఎ న్యూ: ఇందులో కొంచెం ధీమా ఉంది. క్రిస్టల్ ఇంజినీరింగ్‌ను 1971 నాటికే జి.ఎం.జె. ష్మిట్ నడిపాడు. దేశిరాజు సొంత పుస్తకమే 1989లో వచ్చింది. కొత్తదల్లా స్ఫటికాన్ని వెనక్కి చదివే ఈ పద్ధతి. దానికి ఆ మాట చెల్లుతుందనే నా అభిప్రాయం.

ఇక ఫలశ్రుతి, అంటే సైటేషన్, ఒక వ్యాసాన్ని ఇతర వ్యాసాలు ఉదహరించడం. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో సైటేషన్ సూచికను అచ్చు వేయించాడు. 2005లో జోర్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్ తెచ్చాడు: కనీసం నలభైసార్లు ఉదహరింపబడిన వ్యాసాలు నలభై ఉంటే ఆ శాస్త్రవేత్త సంఖ్య 40. లెక్క సులువే, కానీ అది ఎవరిని లెక్కపెడుతోంది? వ్యాసాలు రాసేవాళ్లను మాత్రమే. పైగా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గమనించినట్టు, ఒక ఆలోచన అందరి సొత్తయ్యాక దాని మూలకర్తను ఉదహరించడం మానేస్తారు. సింథాన్‌కూ కొంత ఆ గతే పట్టింది. ఔషధ పరిశ్రమలో మొండి మందుకు తోడు అణువును వెతికే కెమిస్టు తన పనిని పేటెంటులో పెడతాడు, లేదా ఫైల్లో వదిలేస్తాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కోక్రిస్టల్ మందుల మీద 2013లో మార్గదర్శకాలిచ్చి, 2018లో సవరించింది. కంపెనీలు ఆ నిబంధనల ప్రకారం నింపే దరఖాస్తుల్లో ఏ ఒక్కటీ ఎవరి హెచ్-ఇండెక్స్‌లోనూ చేరదు.