దేవర్లంక నుంచి పాల్మా దాకా

1995 జనవరి 8. సంక్రాంతికి ఇంకా వారం ఉంది. పాశర్లపూడి పక్కన దేవర్లంకలో తవ్వుతున్న గ్యాస్ బావి ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. మా ఊరికి అది కొన్ని మైళ్ళే. ఆ రాత్రుళ్ళు దీపం లేకుండానే అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దాను. అర్ధరాత్రి మా పెంకుటింటి గోడ మీద కొబ్బరి మట్టల నీడలు ఊగుతుండేవి. భోగి మంట వేశాం గానీ ఆ వెలుగు ముందు వెలవెలబోయింది. మరుసటి ఏడాది నవంబరు 6న తుపాను ఆ కొబ్బరి చెట్లను నేలకు పడగొట్టింది. నిప్పు, గాలి రెండూ చూసిన కోనసీమ మాది.

చమురు కోసం మన దేశం గడప దాటి చాలా కాలమైంది. 1965లో పుట్టిన హైడ్రోకార్బన్స్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ఇరాన్ సముద్రంలోని రోస్తమ్, రక్ష్ క్షేత్రాల్లో వాటాతో పని మొదలుపెట్టింది. 1989లో అదే ఓఎన్‌జీసీ విదేశ్ అయింది. 2001లో రష్యా సఖాలిన్-1 క్షేత్రంలో 20 శాతం, 2003లో సూడాన్ గ్రేటర్ నైల్ ప్రాజెక్టులో 25 శాతం వాటా కొంది. వాడే చమురులో ఎక్కువ భాగం కొనుక్కోవలసిన దేశం, పరాయి గడ్డ మీదైనా తనకో బావి ఉండాలనుకోవడం తప్పు కాదు. సోషల్ మాస్టారుగా పిల్లలకు ఆ వార్తలు గర్వంగానే చెప్పాను.

కానీ ఆఫ్రికాలోని మొజాంబిక్ దగ్గర నా మనసు ఆగిపోయింది. అక్కడి రోవుమా గ్యాస్ కోసం 2013–14లో ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా కలిసి 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టాయి. భారత్ పెట్రోలియంతో కలిపితే ఆ క్షేత్రంలో మన వాటా 30 శాతం. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను ఆ దేశంలోని బెయిరా నగరాన్ని ముంచింది. ఏప్రిల్ 25న కెన్నెత్ తుపాను గ్యాస్ దొరికిన కాబో దెల్గాదో తీరాన్నే కొట్టింది. రెండు నెలలు తిరక్కుండా, జూన్ 18న, వాటాదారులు ప్రాజెక్టుకు పచ్చజెండా ఊపారు. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్ల బలం పెరుగుతుందని అప్పటికి అందరికీ తెలుసు. ఆ వేడికి మూలం మనం తవ్వి కాలుస్తున్న ఇంధనమేననీ తెలుసు.

ఆ గ్యాస్ ప్లాంటు కోసం అదే తీరంలోని అఫుంగి దగ్గర ఊళ్ళు ఖాళీ చేయించి, కిటుండా అనే కొత్త కాలనీ కట్టించారు. ఇళ్ళు పక్కావే. కానీ వల వేసి బతికేవాళ్ళకు సముద్రం దూరమైపోయింది. వాళ్ళు పోగొట్టుకున్న వాటిలో కొబ్బరి చెట్లూ ఉన్నాయి. చెట్టు కూలితే ఇంటిల్లిపాదీ ఎన్నేళ్ళు వెనకబడిపోతారో కోనసీమ వాళ్ళకు వేరే చెప్పాలా? 2021 మార్చిలో సాయుధులు పక్కనున్న పాల్మా పట్టణం మీద పడ్డారు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు నడిపే టోటల్ సంస్థ పనులు ఆపేసింది. అదే ఏడాది గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని మాట ఇచ్చారు.

ఆ మాటకూ రోవుమా వాటాకూ పొంతన ఎక్కడ? అక్కడ ఎంత పెట్టాం, ఎంత వచ్చింది, ఎవరు ఊరు వదిలారు, ఆ గ్యాస్ కాలిస్తే వచ్చే పొగ ఎవరి ఖాతాలో వేస్తారు? ఇలాంటి మరో వాటా కొనే ముందు ఇవన్నీ పార్లమెంటు ముందు పెట్టాలి. ఆ సొమ్ము ప్రభుత్వ సంస్థలది, అంటే మనది. మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. నేను రాశాను.