మా కంచం చరిత్ర – 6: కొవ్వు ఎవరిది? గుండెపోటు ఎవరికి?



మొన్న హాస్టల్ తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, పెద్దకూర మన హక్కు అంటున్నావు, సరే. ఆ కొవ్వు గుండెకు మంచిది కాదంటున్నారు కదా, దానికేమంటావు?" మంచి ప్రశ్న. నినాదంతో దాటేసే ప్రశ్న కాదు. ఈ భాగమంతా దానికి జవాబే.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మూడేళ్ల కింద మా నాయనకు గుండెపోటు వచ్చింది. రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మనిషి. డాక్టరు స్టెంటు వేసి బతికించాడు, ఆ చేతికి దండం. డిశ్చార్జి రోజు కాగితం రాస్తూ అడిగాడు. "ఏం తింటావు? పెద్దకూరా?" నాయన తలూపాడు. "అదే మరి. మీవాళ్లంతా ఆ కొవ్వు తినే ఇక్కడికొస్తారు." పక్క మంచం ఆయనకూ అదే జబ్బు, అదే స్టెంటు. ఆయనతో మాత్రం "నెయ్యి కొంచెం తగ్గించండి సార్" అన్నాడు. అక్కడ 'మీవాళ్లు' లేరు.

ఆ రోజు నుంచి నాయన పెద్దకూర ముట్టలేదు. పొద్దున చాయ్‌లో బేకరీ ఖారీ ముంచుకుని తింటున్నాడు. మాంసం కాదు కాబట్టి గుండెకు మంచిదని నమ్మకం.

తెలుగు చదువుకున్నవాణ్ని కాబట్టి నాకు మాట దగ్గర అనుమానం మొదలవుతుంది. మన ఊళ్లలో 'కొవ్వు' ఒంట్లో ఉండే పదార్థం పేరొక్కటే కాదు, తిట్టు కూడా. కూలి పెంచమని అడిగితే కొవ్వెక్కిందంటారు. చెప్పులేసుకుని వీధిలో నడిస్తే ఒళ్లు బలిసిందంటారు. తినడానికి లేనివాడి ఒంట్లో కొవ్వు కనబడటం ఈ భాష చేసిన వింత. డాక్టరు నోట ఆ మాట విన్నప్పుడు నాయనకు ఏ కొవ్వు వినబడిందో నేను ఊహించగలను.

ఇక సైన్సు చరిత్ర. కొవ్వుకూ గుండెకూ లంకె పెట్టినవాళ్లలో మొదట చెప్పుకునే పేరు అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. ఆయన కొవ్వుకంటే ముందు ఆకలిని కొలిచాడు. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది యువకులను వాళ్ల ఒప్పుదలతోనే అరకడుపుతో ఉంచి, ఆకలి ఒంటినీ మనసునూ ఏం చేస్తుందో రాసుకున్నాడు. యుద్ధం తర్వాత నేపుల్స్, మాడ్రిడ్ నగరాలకు వెళ్లాడు. అక్కడ కష్టజీవుల రక్తంలో కొలెస్ట్రాల్ తక్కువగా, మాంసం, వెన్న దండిగా తినే ధనవంతుల్లో ఎక్కువగా కనబడింది. అంటే ఈ కథ మొదలైనప్పుడు గుండెపోటు డబ్బున్నవాళ్ల జబ్బు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు రావడంతో అది ఇంటింటి మాటయింది. 1958లో కీస్ ఏడు దేశాల అధ్యయనం మొదలుపెట్టాడు. 12 వేల మందికి పైగా మగవాళ్లను పరిశీలించారు. ఆ ఏడు దేశాల్లో ఇండియా లేదు.

అందులో తేలిందేమిటి? వెన్న, పాలకొవ్వు బాగా తినే తూర్పు ఫిన్లాండ్‌లో గుండె మరణాలు ఎక్కువ. క్రీట్ ద్వీపంలో చాలా తక్కువ. క్రీట్ వాళ్లు కొవ్వు తక్కువేమీ తినలేదు, కాకపోతే అది ఎక్కువగా ఆలివ్ నూనె. ఎంత కొవ్వు అన్నదానికంటే ఏ కొవ్వు అన్నది ముఖ్యమన్నమాట. కీస్ లెక్కల మీద 1957 నుంచే విమర్శలున్నాయి. చక్కెర కంపెనీల సంఘం హార్వర్డ్ శాస్త్రవేత్తలకు డబ్బిచ్చి, 1967లో నేరమంతా కొవ్వు మీదికే తోసేలా వ్యాసం రాయించుకున్న సంగతి 2016లో బయటపడింది. ఆ కథ వచ్చే భాగంలో. అయినా అసలు విషయం నిలబడింది. గడ్డకట్టే రకం కొవ్వు, అంటే శాచురేటెడ్ కొవ్వు, చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. దాని బదులు పల్లీ, నువ్వులు, పొద్దుతిరుగుడు లాంటి నూనెలు వాడితే గుండెజబ్బు ముప్పు తగ్గుతుంది.

కాబట్టి తమ్ముడూ, పెద్దకూర కొవ్వు గుండెకు మేలని నేను అబద్ధం చెప్పను. కానీ అదే కొలత పక్క గిన్నెలో కూడా పెట్టు. వంద గ్రాముల పశువుల కొవ్వులో శాచురేటెడ్ కొవ్వు దాదాపు 50 గ్రాములు. వంద గ్రాముల నెయ్యిలో 60 దాటుతుంది. సైన్సు ఈ రెంటినీ ఒకే వరుసలో కూచోబెట్టింది. వేరు పంక్తులు వేసింది కులం.

ఆ నెయ్యైనా మనకు ఎప్పుడు దక్కింది? అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో జైపూర్ సంస్థానంలోని చక్వారా ఊరి సంఘటన రాశాడు. తీర్థయాత్ర నుంచి వచ్చిన ఒక అంటరాని మనిషి తన వాళ్లకు విందు పెట్టాడు. వడ్డనలో నెయ్యి ఉంది. వందలమంది సవర్ణ హిందువులు లాఠీలతో వచ్చి అన్నం పాడుచేసి, తింటున్నవాళ్లను కొట్టి తరిమారు. నెయ్యి కొనేంత డబ్బున్నా సరే, అది తినే అంతస్తు నీకు లేదన్నారు. చచ్చిన పశువు మాంసం తింటే నీచం, నెయ్యి తింటే పొగరు. రెండు వైపులా కర్ర వాళ్ల చేతిలోనే ఉంది.

సరిగ్గా ఆ 1930లలోనే బజారులోకి డాల్డా వచ్చింది. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి జర్మనీలో నార్మన్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. చూడటానికి నెయ్యిలా ఉంటుంది, ధర తక్కువ, ఎన్నాళ్లున్నా చెడిపోదు. నెయ్యి అందనివాళ్ల పెళ్లి పులావుకు, పండగ స్వీటుకు అదే నెయ్యయింది. మా అమ్మమ్మ ఇంట్లో తాటిచెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బాలో కందిపప్పు పోసుకునేవాళ్లు.

పై కులాల పెద్దమనుషులు డాల్డా మీద చాలా కోపం చూపించారు. ఎక్కువ కోపం దేనికి? అది నెయ్యిలో కలిసి నెయ్యిని కల్తీ చేస్తోందని. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కలుపుతున్నారని తెలిసి దేశం అట్టుడికింది. కల్తీ తప్పే, అడగాల్సిందే. కానీ ఆ డబ్బాలో అంతకంటే గుండెకు ప్రమాదమైంది మొదటి నుంచీ ఉంది. నూనెను సగం గడ్డకట్టించినప్పుడు పుట్టే ట్రాన్స్ ఫ్యాట్. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. డెన్మార్క్ 2003లో దానికి 2 శాతం హద్దు పెట్టింది. మన దేశం అదే హద్దుకు వచ్చింది 2022 జనవరిలో. ఆవు కొవ్వు చుక్క పడిందంటే రోడ్డెక్కిన దేశం, పేదవాడి గుండెను తినే కొవ్వు మీద ఒక్క బంద్ కూడా చేయలేదు.

ఇప్పుడు గుండెపోటు డబ్బున్నవాళ్ల జబ్బు కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో మరణాలు లెక్కపెడితే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. ఫిన్లాండ్ వాళ్లలా వెన్న తిన్న ఊళ్లా అవి?

దీనికి ఒక జవాబు ఆకలిలో ఉంది. మైసూరులోని ఒక మిషన్ ఆసుపత్రి కాన్పుల రిజిస్టర్లను భద్రంగా దాచింది. అక్కడ 1934-54 మధ్య పుట్టిన 517 మందిని వెతికి పరీక్షించారు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు, అంతకు తక్కువ ఉన్నవాళ్లలో నూటికి 11 మందికి గుండెజబ్బు ఉంది. మూడు కిలోల పైన పుట్టినవాళ్లలో ముగ్గురికే. ఇది 1996లో అచ్చయింది. తల్లి కడుపులో తిండి చాలని బిడ్డకు పెద్దయ్యాక గుండె ముప్పు ఎక్కువని అర్థం.

ఇంకోటి మన హైదరాబాద్ పక్క పల్లెలదే. 1987-90లో కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మక్క, సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలను చూస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లలకంటే 14 మిల్లీమీటర్లు పొడుగు. వాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసు, ఇన్సులిన్ పనితీరు మెరుగు. గుండెను కాపాడిన ఆ ఉప్మాలో నూనె ఉందని గమనించండి. ఆకలి కడుపుకు కొవ్వు శత్రువు కాదు.

అంటే మా నాయన గుండెలో ఆదివారం కూర ఒక్కటే లేదు. బీడీ ఉంది. రేషను పామాయిల్ ఉంది, అందులోనూ దాదాపు సగం శాచురేటెడ్ కొవ్వే. మా నాయనమ్మ తొమ్మిది నెలలూ అరకడుపుతో నాట్లేసిన కాలం కూడా ఉంది. డిశ్చార్జి కాగితం మీద వీటికి గడి లేదు.

కాబట్టి చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మూడు పనులు చేయండి. ఒకటి, 'దేశీ నెయ్యి గుండెకు అమృతం' అనే వాట్సాప్ సందేశాన్నీ, 'మన కొవ్వు మన బలం' అనే మన మాటనూ ఒకే తక్కెడలో తూచండి. రెండు, బిస్కెట్ ప్యాకెట్టు తిప్పి వెనక ట్రాన్స్ ఫ్యాట్, శాచురేటెడ్ ఫ్యాట్ గడులు చదవండి. మూడు, హాస్టల్ మెనూలో గుడ్డు, మంచి నూనె కోసం, అంగన్‌వాడీలో గర్భిణుల తిండి కోసం కొట్లాడండి. గుండెజబ్బుల మీద పోరాటం అక్కడే మొదలవుతుంది.

ఇవన్నీ పోయిన ఆదివారం నాయనకు చెప్పాను. "కూర తిను, కొవ్వు తీసేసి తిను. ఖారీ మానెయ్. బీడీ ముట్టకు" అన్నాను. అంతా విని ఒకటే అడిగాడు.

"ఇంతకీ ఆ డాక్టరు సారు కొవ్వన్నది కూరనా, నన్నా?"

నా దగ్గర జవాబుంది. చెప్పలేకపోయాను. అమ్మ రెండు ముక్కలు, కొవ్వు తీసేసి, ఆయన కంచంలో వేసింది. తిన్నాడు.

జై భీమ్.

(వచ్చే భాగం: చక్కెర)