పాస్‌వర్డ్ ఎవలు పెట్టిన్రు?

సిస్టం బల్ల మీద పెట్టకముందే నేను ఈ మాట అడుగుతాను. 1999లో కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి సందులో దుకాణం తెరిచినప్పుడు ఇది అడగాల్సిన పనే ఉండేది కాదు. అప్పుడు ఎవరింట్లో చూసినా విండోస్ 98. ఆన్ చేయగానే పేరు, పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె వచ్చేది. ఎస్కేప్ నొక్కితే చాలు, లోపలికి వెళ్లిపోయేవాళ్లం. మరీ కావాలంటే విండోస్ ఫోల్డర్‌లో చివర పీడబ్ల్యూఎల్ అని ఉండే ఫైలు తీసేస్తే పాత పాస్‌వర్డ్ పోయి కొత్తది అడిగేది. తలుపుకు గడియ ఉందన్న సంగతే చాలామంది గమనించలేదు.

ఎక్స్‌పీ 2001 అక్టోబర్‌లో విడుదలైంది. మా గిరాకీల దాకా వచ్చేసరికి ఇంకో ఏడాది, రెండేళ్లు పట్టింది. గడియ నిజంగా పడింది అప్పుడే. ఒకే సిస్టంలో అక్కకో పేరు, తమ్ముడికో పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. అసలు కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పుట్టిందే ఇందుకు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే పద్ధతి తయారుచేసింది. ఒకరి ఫైళ్లు ఇంకొకరు తెరవకుండా తలా ఒక రహస్య పదం ఇచ్చింది. నలభై ఏళ్ల తర్వాత మా జగిత్యాల, కోరుట్ల ఇళ్లలో అన్నదమ్ములకు అదే అవసరం వచ్చింది.

తేడా ఏమిటంటే, ఇక్కడ పాస్‌వర్డ్ పెట్టినవాడు ఇంట్లో ఉండేవాడు కాదు. కోర్సు నేర్చుకున్న కొడుకు సిస్టం కొని, పేరు పెట్టి, గల్ఫ్‌కు పోయేవాడు. విండోస్ పాడైందని తండ్రి సీపీయూను గోనెసంచిలో చుట్టుకొని బస్సులో తెచ్చేవాడు.

"పాస్‌వర్డ్ ఎవలు పెట్టిన్రు పెద్దయ్యా?"

"మా పోరడు తమ్మీ. ఆడు దుబాయ్‌ల ఉన్నడు. రాత్రి డ్యూటీ దిగినంకనే మాట్లాడ్తడు."

దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఆ కొడుకు ఫోన్ కోసం రాత్రి పది దాకా దుకాణం తెరిచి ఉంచిన రోజులున్నాయి. అవతల కొడుకు ఒక్కో అక్షరం చెబితే, ఈ పెద్దమనిషి నాకు వినిపించేలా గట్టిగా అనేవాడు. నేను కొట్టేవాణ్ని. ఆ అక్షరాలు కలిస్తే ఎక్కువగా దేవుడి పేరో బండి నంబరో అయ్యేది. కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న, ధర్మపురి నర్సన్న. బండి నంబరైతే కరీంనగర్‌ది ఏపీ 15. ఆదిలాబాద్ వాళ్లయితే ఏపీ 01. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ 02, టీఎస్ 01 అయ్యాయి. 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ. మతికి రాకపోతే నేను "అప్పుడు మీ ఇంట్ల ఏ బండి ఉండె?" అని అడిగేవాణ్ని. ఎన్నోసార్లు తాళం అక్కడే దొరికింది.

దొరకకపోతే ఇంకో దారి ఉండేది. ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే అడ్మినిస్ట్రేటర్ అనే పేరు బయటపడేది. ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌లో దానికి పాస్‌వర్డ్ ఖాళీగానే ఉండేది. మెకానిక్‌లందరం దాని మీదే బతికాం. విండోస్ 7 ఎక్కించడం మొదలుపెట్టాక ఆ దారి పోయింది. అందులో ఆ ఖాతాను మొదటి నుంచే ఆపి ఉంచుతారు.

విండోస్ 7 అంటే నాకు ఒక ఫోల్డర్ గుర్తుకొస్తుంది. ఎక్స్‌పీ మీద నేరుగా 7 ఎక్కదు, కొత్తగా వేయాల్సిందే. ఒక గల్ఫ్ కార్మికుడి సిస్టం అది. ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయని చూసుకొని, ధైర్యంగా సి ఫార్మాట్ కొట్టాను. పని అయిపోయాక డి తెరిస్తే ఫొటోల పేర్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. దేని మీద నొక్కినా అనుమతి లేదంటుంది. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే గడి ఒకటి ఉంది. ఎవరో దాన్ని టిక్ చేశారు. దాన్ని తెరిచే తాళంచెవి ఆ యూజర్ ప్రొఫైల్‌లోనే, సి డ్రైవ్‌లో ఉంటుంది. దాన్ని నా చేతులతో నేనే తుడిచేశాను. పాస్‌వర్డ్ ఆయనకు బాగా గుర్తుంది, చెప్పాడు కూడా. కానీ ఆ పాస్‌వర్డ్‌తో తెరవాల్సిన చెవి పోయాక అది ఒట్టి మాట. ఆయన లేనప్పుడు పుట్టిన బిడ్డ మొదటి రెండేళ్ల ఫొటోలు అవి. డబ్బులు వద్దన్నాను. ఆయన బలవంతంగా చేతిలో పెట్టి పోయాడు. అప్పటి నుంచి ఫార్మాట్‌కు ముందు డి డ్రైవ్ కూడా తెరిచి, ఫైళ్ల పేర్ల రంగు చూస్తాను.

అన్ని కష్టాలూ అంత పెద్దవి కావు. ఉట్నూరు వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. విండోస్ 10 ఎక్కించుకున్నాక రోజూ కొట్టే పాస్‌వర్డే తప్పంటోందట. నేను పెట్టె చివరి కన్ను గుర్తు నొక్కి చూపించాను. నొక్కింది జె, పడింది 'ర'. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందుకొచ్చి కూర్చుంది, చుక్కల వెనక అక్షరాలు ఎవరికీ కనపడలేదు. కింద భాష మార్చగానే తెరుచుకుంది. నమ్‌లాక్ ఆగిపోయి అంకెలు పడని కేసులైతే లెక్కలేదు.

ఇప్పుడు పాస్‌వర్డ్ మెయిల్ ఖాతాది. కొడుకు కువైట్‌లో ఫోన్‌లో మార్చేస్తే, నెట్ లేని ఇంటి ల్యాప్‌టాప్ ఇంకా పాతదే అడుగుతుంది. పిన్ ఆ ఒక్క మిషన్‌ది, విండోస్ మళ్లీ వేస్తే పోతుంది. ఓటీపీ ఎప్పుడో ఆగిపోయిన సిమ్‌కు వెళ్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. ఆ వెనువెంటనే 11కు మారేవాళ్ల వరుస మొదలైంది. అందుకోసం బయోస్‌లో సెట్టింగ్ మారిస్తే, కొన్ని ల్యాప్‌టాప్‌లు నీలం తెర వేసి డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు 48 అంకెల కీ అడుగుతాయి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గడులు.

మొన్న మెట్‌పల్లి నుంచి ఒకమ్మ అలాంటిదే తెచ్చింది. కువైట్‌లోని కొడుకు తన ఖాతాలో వెతికి ఫొటో పంపాడు. నేను కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు సరిచూసి కొట్టాను. తెరుచుకుంది. ఆమె కదల్లేదు.

"గా అంకెలు నాక్కూడా రాసియ్యి బిడ్డా."

"ఫొటో నీ ఫోన్లనే ఉన్నదమ్మా."

"ఫోన్ పోతే?"

బీడీల లెక్క రాసుకునే నోటుబుక్కు తీసింది. నేను చదువుతుంటే ఆమే రాసుకుంది. ఆరంకెలకోసారి ఆగి, గీత గీసి, మళ్లీ రాసి. చివర నాతో ఒకసారి మొత్తం చదివించుకుంది. కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, సంచిలోంచి భూమి పాసుబుక్కు తీసి దాని మధ్యలో దాచుకుంది.