ఒక సంఖ్య – మూడు ప్రమాణములు

ప్రత్యక్షము, అనుమానము, ఆప్తవాక్యము అను ప్రమాణములను మన తార్కికులు ముఖ్యముగా పేర్కొందురు. వీని బలాబలములను విద్యార్థులకు బోధింపవలసి వచ్చినపుడెల్ల మాకొక సంఖ్యయొక్క చరిత్ర జ్ఞప్తికి వచ్చుచుండును.

అది 147573952589676412927. అరువదియేడు రెండ్లను వరుసగా హెచ్చవేసి, వచ్చిన లబ్ధమునుండి ఒకటి తీసివేసినచో నీ సంఖ్య వచ్చును. ఒకటిచేతను తనచేతను తప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధానసంఖ్య. రెండు, మూడు, అయిదు రెండ్లతో నీరీతిగనే వచ్చు 3, 7, 31 అట్టివి. కాని పదునొకండు రెండ్లతో వచ్చు 2047 అట్టిది కాదు; అది 23, 89ల లబ్ధము. కావున దేనికది పరీక్షించియే తేల్చుకొనవలెను.

1644లో పారిసునందలి మెర్సెన్ అను క్రైస్తవ సన్న్యాసి యిట్టి ప్రధానసంఖ్యల పట్టికను ప్రకటించి, అందు మన సంఖ్యను గూడ చేర్చెను. ఇంత పెద్ద సంఖ్యలను పరీక్షించుటకు కాలమంతయు చాలదని యాయనయే యొప్పుకొనెను. అయినను ఆ మాట రెండువందల యేండ్లకు పైగా ఖండింపబడక నిలిచెను. ఇది ఆప్తవాక్యము.

1876లో ఫ్రాన్సు దేశీయుడగు లూకా యొక నూతన పరీక్షచే నది ప్రధానసంఖ్య కాదని నిరూపించెను. కాని దాని కారణాంకము లేవియో యాయనకును దెలియదు. పొగను జూచి నిప్పు కలదని నిశ్చయించినట్లు, ఇది అనుమానము.

1903 అక్టోబరు 31వ తేదీన న్యూయార్కులో, అమెరికా గణితశాస్త్ర సంఘపు సభలో, కోల్ అను ఆచార్యుడు లేచి, ఒక్క మాటయైన పలుకక నల్లబల్లపై నీ సంఖ్యను లెక్కించి చూపెనట. ప్రక్కనే 193707721ని 761838257287చే హెచ్చవేసెనట. రెండు ఫలములు నొక్కటియే! సభ్యులు కరతాళధ్వనులు చేసిరని చెప్పుదురు. ఆ కారణాంకములను వెదకుటకు మూడేండ్ల ఆదివారములు పట్టెనని యాయన చెప్పినట్లు ప్రతీతి. ఇది ప్రత్యక్షము.

మెర్సెన్ పట్టికలో నింకను తప్పులు బయటపడెను. ఆయన విడిచిన అరువదియొకటి రెండ్ల సంఖ్య ప్రధానసంఖ్యయని 1883లో పెర్వూషిన్ అను రష్యా గ్రామపురోహితుడు చూపెను. అట్లే విడువబడిన 89, 107 రెండ్ల సంఖ్యలు 1911, 1914లలో తేలెను. చేర్చిన 257 రెండ్ల సంఖ్య ప్రధానసంఖ్య కాదని తరువాత నిర్ణయమయ్యెను.

ఇందువలన మెర్సెన్‌కు లోపము కలిగినదా? లేదు. నేటికిని ఇట్టి సంఖ్యల నాయన పేరనే పిలుచుచున్నారు. ఆయన మాటను పరీక్షించిన వారే యాయన ప్రారంభించిన పనిని కొనసాగించిరి.

కోల్ ఏండ్ల తరబడి వెదకి తెచ్చిన దానిని, ఎక్కములు వచ్చిన బాలిక పలకపై నొక పూటలో సరిచూడగలదు. కావున మన యిండ్లలో పిల్లలు “ఇది నిజమని యెట్లు తెలిసినది?” అని యడిగినపుడు దానిని అవినయముగా నెంచక, వారి చేతికి పలక నిచ్చుట మేలని మా మనవి.