మోకీలు మార్పిడి తర్వాతి చికిత్సల కోడింగ్

అమెరికాలో శస్త్రచికిత్సకు ముందూ వెనుకా అవసరమయ్యే సేవలకు కూడా సర్జన్‌కు ఒకే మొత్తంగా చెల్లించే పద్ధతిని గ్లోబల్ సర్జికల్ ప్యాకేజీ అంటారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ దీన్ని 1992లో దేశమంతటా ఒకే తీరుగా అమలులోకి తెచ్చింది. వైద్య సేవలను బిల్లుల్లో గుర్తించే ప్రామాణిక కోడ్ల వ్యవస్థ సీపీటీలో మోకీలు పూర్తి మార్పిడికి కోడ్ 27447. ముందు రోజు, ఆపరేషన్ రోజు, తర్వాతి 90 రోజులు కలిపి 92 రోజులు దీని గడువు. కుట్లు విప్పడానికి, కట్టు మార్చడానికి, మామూలు తనిఖీలకు వేరే బిల్లు ఉండదు.

చిక్కంతా ఆ గడువులోనే అదే సర్జన్ మరో చికిత్స చేసినప్పుడు వస్తుంది. మోకాలు బిగుసుకుపోతే మత్తు ఇచ్చి వంచుతారు, కోడ్ 27570. ఇది ఆపరేషన్ థియేటర్ పని కనుక సాధారణంగా కోడ్‌కు 78 మోడిఫయర్ (పరిస్థితిని తెలిపే అదనపు గుర్తు) జతచేస్తారు. మెడికేర్ అప్పుడు ఆపరేషన్ భాగానికి మాత్రమే చెల్లిస్తుంది, కొత్త గడువు మొదలవదు. ఆపరేషన్ అయిన మోకాలిలో చేరిన నీటిని క్లినిక్‌లోనే సూదితో తీస్తే (20610) విడిగా ఏమీ రాదు. ఇదే కోడ్ కిందికి వచ్చే ఇంజెక్షన్ రెండో మోకాలి అరుగుదలకు ఇస్తే మాత్రం 79 మోడిఫయర్‌తో బిల్లు చెల్లుతుంది. కుడి ఎడమలు తెలిపే ఆర్‌టీ, ఎల్‌టీ కూడా ఉండాలి. సర్జన్ నోట్‌లో ఏ కాలో రాయకపోతే ఎంత చేయి తిరిగిన కోడరైనా చేయగలిగింది లేదు, తిరిగి సర్జన్‌ను అడగడం తప్ప.

ప్యాకేజీకి సీపీటీ ఇచ్చే నిర్వచనం మెడికేర్ నిర్వచనం కన్నా ఉదారమైనది: మామూలుగా కోలుకునే దశ సేవలే ప్యాకేజీలో ఉంటాయి, ఉపద్రవాలకు చేసే చికిత్స బయటే. ప్రైవేటు బీమా సంస్థల్లో ఒక్కొక్కటి ఒక్కో నియమం పాటిస్తుంది.

ఈ కోడింగ్ పనిలో కొంత హైదరాబాద్ కార్యాలయాల్లో జరుగుతుంది. అక్కడి అమీర్‌పేటలో దీనికి శిక్షణ కేంద్రాలున్నాయి.