ఏరు దాటినా తెగని బంధం – జహాజీ భాయి

గార్డెన్ రీచ్ అనగానే మనలో నేవీ వాళ్ళకు గుర్తొచ్చేది షిప్‌యార్డు. స్వదేశంలో కట్టిన మొదటి యుద్ధనౌక 'అజయ్'ను 1961లో మన నౌకాదళానికి అందించింది ఆ యార్డే. రైల్వే కుటుంబాల్లో పుట్టినవాళ్ళకయితే బి.ఎన్.ఆర్. హెడ్డాఫీసు గుర్తొస్తుంది. 2003లో ఈస్ట్ కోస్ట్ జోన్ పని మొదలుపెట్టేదాకా వాల్తేరు డివిజన్‌కు పై ఆఫీసు గార్డెన్ రీచ్‌లోనే కదా! నాకు మాత్రం రిటైరయ్యాక ఆ పేరు వింటే రెండు పదాల మాటొకటి గుర్తొస్తోంది. జహాజీ భాయి. అంటే ఓడ సోదరుడు, ఒకే ఓడలో నాతోపాటు సముద్రం దాటినవాడు అని.

ఆ మాట నేను మొదటిసారి విన్నది కూడా అక్కడే. 1980లలో ఒక కొత్త ఓడకు కమిషనింగ్ క్రూగా మమ్మల్ని ముందుగానే గార్డెన్ రీచ్ పంపారు. ఓడ ఇంకా పూర్తి కాలేదు. పగలంతా యార్డులో పని, సాయంత్రమయితే హుగ్లీ ఒడ్డున తిరగడం. మా మెస్సులో ఛప్రా జిల్లా కుర్రాడొకడు ఉండేవాడు. ఒకరోజు నన్ను ఘాట్ మెట్ల మీద కూర్చోబెట్టి, "మా ముత్తాత తమ్ముడు ఇక్కడే ఎక్కడో ఓడెక్కాడు. మళ్ళీ రాలేదు" అన్నాడు. ఏ దేశం వెళ్ళాడంటే తెలియదు. ఏ సంవత్సరమో తెలియదు. పేరొక్కటే మిగిలింది. ఆ రోజు నుంచి నన్ను 'జహాజీ భాయి' అని పిలవడం మొదలుపెట్టాడు. నావికులం కాబట్టి సరదాకి అంటున్నాడనుకున్నాను. ఆ మాట వెనుక ఎంత చరిత్ర ఉందో తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

మన తెలుగులో ఓడ సామెత ఒకటుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. అవసరం తీరగానే మనిషిని మరిచిపోయే బుద్ధిని ఇంత సూటిగా చెప్పిన సామెత ఇంకోటి నాకు తెలియదు. జహాజీ భాయి దీనికి సరిగ్గా ఎదురు మాట. అది ఒడ్డు దాటాకే అసలు బలం పుంజుకుంది.

మాట పుట్టుక కొంచెం చూద్దాం. జహాజు అరబ్బీ నుంచి పారశీకం మీదుగా హిందుస్తానీలోకి వచ్చింది. అరబ్బీలో దాని మొదటి అర్థం సరంజామా. పెళ్ళికూతురి సారె కూడా ఆ మాటలోకే వస్తుంది, కట్నానికి ఉర్దూలో వాడే జహేజ్ దీని చుట్టమే. అన్నట్టు, ఓడ కళాసీలకు వాడే లస్కర్ అనే మాట దీనికి తిరగబడ్డ కథ. లష్కర్ అంటే పారశీకంలో సైన్యం. అది సైన్యంలోంచి ఓడ ఎక్కి, ఓడ దిగి మన ఇరిగేషన్ శాఖలో చేరింది. కాలవ తూముల దగ్గర ఉండే లస్కరు అలా వచ్చినవాడే. ఆర్మీ, నేవీ మిత్రులు ఎవరిది ముందు అని వాదించుకోవడానికి పనికొస్తుందని చెబుతున్నాను.

ఇక అసలు విషయం. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దుకు 1833లో చట్టం వచ్చింది. చెరుకు తోటలకు మనుషులు కావాలి. 1834లో 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి మారిషస్ వెళ్ళి నవంబరు 2న అక్కడ దిగింది. 1838లో 'విట్‌బీ', 'హెస్పరస్' బ్రిటిష్ గయానాకు, 1845లో 'ఫతేల్ రజాక్' 225 మందితో ట్రినిడాడ్‌కు, 1873లో 'లల్లా రూఖ్' సూరినామ్‌కు, 1879లో 'లియోనిడాస్' ఫిజీకి వెళ్ళాయి. ఇవన్నీ కలకత్తా రేవు వదిలిన ఓడలే. ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించేవారు. అగ్రిమెంట్ అనే మాట వాళ్ళ నోట గిర్మిట్ అయింది, వాళ్ళు గిర్మిటియాలు అయ్యారు. ఈ పద్ధతి కింద మారిషస్‌కు నాలుగున్నర లక్షలు, గయానాకు సుమారు 2 లక్షల 39 వేలు, ట్రినిడాడ్‌కు లక్షా 44 వేలు, సూరినామ్‌కు 34 వేల మంది పైగా వెళ్ళారు. ఫిజీకి 60 వేల పైచిలుకు వెళితే అందులో 45 వేల మంది కలకత్తాలో ఎక్కినవాళ్ళు, మిగతా 15 వేలు మద్రాసులో.

ఓడ ఎక్కే ముందు వీళ్ళను ఉంచిన డిపోలు గార్డెన్ రీచ్ – ఖిదిర్‌పూర్ ప్రాంతంలో నది ఒడ్డున ఉండేవి. మన ట్రెయినింగ్ సెంటర్లలో మొదటి రోజు గుర్తుందా? బట్టలు మార్చడం, డాక్టరు పరీక్ష, నంబరు ఇవ్వడం, పక్కవాడెవడో తెలియకుండానే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడటం. డిపోలో కూడా అదే జరిగింది, కాకపోతే వీళ్ళకు జీతం, పెన్షను, లీవు అని ఎవరూ నిజం చెప్పలేదు. మెళ్ళో నంబరు ఉన్న తగరపు బిళ్ళ కట్టేవారు. బ్రాహ్మణుడూ, చమారూ, ముసల్మానూ ఒకే చోట. ఇంటి దగ్గర ఒకరి నీడ ఒకరు తొక్కని వాళ్ళు అక్కడ ఒకే వంట తినాల్సి వచ్చింది. కాలాపానీ దాటితే కులం పోతుందన్న భయం అందరికీ ఒకటే. అంటే బంధం ఓడ మీద కాదు, గార్డెన్ రీచ్ డిపో వంటశాలలోనే మొదలయిందని నా అభిప్రాయం.

తెరచాప ఓడను టగ్గుతో నది కిందికి లాక్కెళ్ళేవారు. హుగ్లీ సంగతి మన నావిగేషన్ వాళ్ళకు చెప్పనక్కరలేదు, పైలట్ లేకుండా అడుగు కదలదు, ఇసుక దిబ్బలు రోజుకో చోటికి మారతాయి. సముద్రంలో పడ్డాక వెస్టిండీస్‌కు ఇంచుమించు మూడు నెలలు. ఫతేల్ రజాక్‌కు 103 రోజులు పట్టింది. డెక్కుల మధ్య చీకటి గదిలో వరసగా పడకలు. పాతిక మందికో సర్దారు. వంటకు భండారీలు, పాకీ పనికి టోపాసులు. ఈ టోపాసు మన నేవీలో కూడా చాలాకాలం ఉన్న మాటే. సర్జన్‌కు ప్రాణాలతో దిగిన ఒక్కో మనిషికీ ఇంత అని డబ్బు ముట్టేది. అయినా కలరా వచ్చిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. చచ్చినవాణ్ణి సముద్రంలో వదిలేసేటప్పుడు కొడుకు చేయాల్సిన పని పక్క పడకవాడు చేసేవాడు. 1884 మే 11న 'సిరియా' అనే ఓడ ఫిజీ దగ్గర నాసిలాయ్ దిబ్బ మీద పడి విరిగిపోయింది. 50 మందికి పైగా చనిపోయారు. అది కూడా కలకత్తా నుంచి బయల్దేరిన ఓడే.

అట్లా దిగినవాళ్ళను తోటలకు పంచేసేవారు. ఒక్కొక్కరు ఒక్కో తోటకు. ఆదివారం సెలవు దొరికితే మైళ్ళు నడిచి వెళ్ళి కలుసుకునేది ఎవరినంటే, తమ ఓడవాణ్ణి. జహాజీ భాయి మాట అక్కడ ఎన్ని పనులకు వచ్చిందో చూడండి. పెళ్ళికి అన్నదమ్ముల వరసవాడు కావాలంటే జహాజీ భాయి వచ్చి నిలబడతాడు. చావుకు తల కొరివి పెట్టాలంటే అతనే. పిల్లలకు అతను చాచా. ఇంకా గట్టి సంగతేమిటంటే, ఒకే ఓడలో వచ్చిన ఇద్దరి పిల్లలకు పెళ్ళి చేయడం చాలా కుటుంబాల్లో తప్పుగా చూసేవారు. అన్నాచెల్లెళ్ళ వరస అవుతుంది కదా! గోత్రం ఏమిటో తెలియని చోట ఓడ పేరే గోత్రమయింది. ఆడవాళ్ళు జహాజీ బహిన్, జహాజిన్ అని పిలుచుకునేవారు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలన్నది నిబంధన. అందులో ఒంటరిగా వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళకు ఈ చుట్టరికం ఇంకా అవసరం.

మరి మనవాళ్ళ సంగతి? తెలుగువారిలో ఎక్కువమంది వెళ్ళింది మద్రాసు రేవు నుంచి. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళకు కోరంగీలు అనే పేరే పడిపోయింది. దక్షిణాఫ్రికాలో నాటాల్‌కు 1860 నవంబరు 16న మొదట చేరిన 'ట్రూరో' మద్రాసు ఓడ, సరిగ్గా పది రోజులకు 26న చేరిన 'బెల్వడేర్' కలకత్తా ఓడ. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు వెళ్ళాయి. అక్కడ విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్ళు భోజ్‌పురి వాళ్ళ పక్కన చెరుకు కొడుతూ వాళ్ళ హిందుస్తానీ నేర్చుకున్నారు, దాంతోపాటు ఈ జహాజీ అనే మాటనూ అందుకున్నారు. అందరినీ గంపగుత్తగా 'మదరాసీ' అంటుంటే 1941లో ఫిజీలో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఉత్తరాది రెజిమెంట్లలో, మెస్సుల్లో ఇదే మదరాసీ పిలుపు పడ్డ మనకు ఆ సంఘం ఎందుకు పుట్టిందో వేరే చెప్పాలా! మనం ఈ సంఘం పెట్టుకున్నదీ అందుకే.

ఇలాంటి మాట మనవాళ్ళకే పుట్టలేదు. అంతకుముందు సంకెళ్ళతో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు జమైకాలో షిప్‌మేట్ అని, సూరినామ్‌లో మాటీ అని పిలుచుకున్నారు. అక్కడా ఓడవాడు సొంత అన్నదమ్ముడితో సమానం. 1996లో ట్రినిడాడ్‌లో బ్రదర్ మార్విన్ అనే కలిప్సో గాయకుడు 'జహాజీ భాయి' అనే పాట పాడి, ఆఫ్రికా ఓడలో వచ్చినవాడూ ఇండియా ఓడలో వచ్చినవాడూ ఓడ సోదరులే అన్నాడు. పాట బాగా నచ్చింది, పెద్ద వాదమూ లేచింది. సంకెళ్ళతో రావడం, ఒప్పందం మీద రావడం ఒకటేనా అని కొందరు అడిగారు. ఆ ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. అయినా రాజకీయంగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు జాతులను కలపడానికి ఆ గాయకుడికి దొరికిన మాట గార్డెన్ రీచ్ నుంచి వెళ్ళినదే కావడం గమనించాలి. ట్రినిడాడ్ వంశీకురాలు పెగ్గీ మోహన్ 2007లో 'జహాజిన్' అనే నవల రాశారు. న్యూయార్క్‌లో కరీబియన్ భారత సంతతి స్త్రీలు తమ సంఘానికి 'జహాజీ సిస్టర్స్' అని పేరు పెట్టుకున్నారు. అమితవ్ ఘోష్ 2008 నవల 'సీ ఆఫ్ పాపీస్' లోనూ మారిషస్ వెళ్ళే కలకత్తా ఓడలో ఈ వరసలే వినిపిస్తాయి.

ఈ మాటకు అసలు పరీక్ష వచ్చింది మాత్రం గార్డెన్ రీచ్‌లోనే. దాని గురించి మనం మాట్లాడుకోం. ఫిజీలో ఇరవై ఒక్క ఏళ్ళు గడిపి వచ్చిన తోతారామ్ సనాఢ్య 1914లో తన అనుభవాలను హిందీలో పుస్తకంగా తెచ్చారు. 1916లో మాలవ్యా శాసనమండలిలో తీర్మానం పెట్టారు. 1917 మార్చిలో యుద్ధం మధ్యలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద ఈ ఎగుమతి ఆగింది. 1920 నాటికి గిర్మిట్ రద్దయింది. కొంతమంది కూడబెట్టింది పట్టుకుని ఇంటికి తిరిగొచ్చారు. ఊళ్ళలో వాళ్ళను రానివ్వలేదు. సముద్రం దాటినవాడు, కులం చెడినవాడు, వేరే కులం ఆడదాన్ని కట్టుకున్నవాడు అన్నారు. డబ్బున్నంతవరకు బంధువులు పీల్చుకుని తర్వాత తలుపు వేశారు. ఇదీ బోడి మల్లయ్య సామెత అసలు రూపం! వెళ్ళే చోటు లేక వాళ్ళు మళ్ళీ ఓడ దిగిన చోటికే, షిప్‌యార్డు పక్కనున్న మెటియాబ్రుజ్‌కు చేరారు. 1920లలో అక్కడి మురికివాడల్లో ఫిజీ, గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చినవాళ్ళు గుంపులుగా, మలేరియాతో, పనిలేకుండా పడి ఉండి, మమ్మల్ని మళ్ళీ అక్కడికే పంపండని వేడుకున్నారు. సి.ఎఫ్. ఆండ్రూస్ వాళ్ళ కోసం తిరిగారు, గాంధీజీ పత్రికలో రాశారు. కొందరిని మళ్ళీ పంపారు కూడా. 1927 ఒప్పందం తర్వాత నాటాల్ నుంచి మద్రాసులో దిగిన మన దక్షిణాదివాళ్ళ గతీ దాదాపు అంతే అని 1931లో స్వామి భవానీ దయాళ్, బనారసీదాస్ చతుర్వేది నివేదిక ఇచ్చారు. మెటియాబ్రుజ్ గుడిసెల్లో వాళ్ళకు మిగిలిన చుట్టం ఎవరు? పక్క గుడిసెలోని ఓడవాడే. రక్తసంబంధం వదిలేసిన చోట జహాజీ భాయి వదల్లేదు.

నా ఛప్రా మిత్రుడి ముత్తాత తమ్ముడు అలా తిరిగొచ్చి ఊరి పొలిమేర నుంచి వెనక్కి పోయినవాళ్ళలో ఒకడా అని నాకు ఒక అనుమానం. అతనితో ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు గార్డెన్ రీచ్‌లో సూరినామ్ ఘాట్ దగ్గర 'మాయీ బాప్' అనే స్మారకం ఉంది. చేతిలో మూటతో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. మూలవిగ్రహం పరామరిబోలో 1994లో పెట్టారు. దాని నమూనాను 2015 అక్టోబరులో సుష్మా స్వరాజ్ ఇక్కడ ఆవిష్కరించారు. అంతకుముందు 2011లో ఖిదిర్‌పూర్ డిపో దగ్గర ఒక ఫలకం పెట్టారు. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఇవేవీ లేవు. ఇప్పుడు కలకత్తా వెళ్ళే మిత్రులు విక్టోరియా మెమోరియల్‌తో ఆగకుండా ఒక గంట అటు వెళ్ళండి. షిప్‌యార్డులో కట్టిన ఓడలు విశాఖకు వచ్చేది ఆ ఒడ్డు ముందు నుంచే. 2014లో విశాఖలో కమిషన్ అయిన 'కమోర్తా' కూడా గార్డెన్ రీచ్ ఓడే.

ఇంకో సంగతి. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక ఎమిగ్రేషన్ పాసు ఉండేది. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఠాణా, జిల్లా, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. మన సర్వీసు రికార్డు లాంటిదే. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర, ఫిజీ, సూరినామ్ ఆర్కైవుల్లో ఇవి లక్షల్లో ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల మన సభ్యుల ఇళ్ళలో 'ఓడెక్కి పోయాడు' అని ఒక ముత్తాత కథ ఉంటే, ఇంట్లో ముసలివాళ్ళు ఉండగానే ఆ ఊరి పేరు, తండ్రి పేరు రాసి పెట్టుకోండి. ఆ రెండూ లేకపోతే వెతకడం కష్టం. నా మిత్రుడి విషయంలో జరిగింది అదే. ఒక్క పేరుతో సూరినామ్ జాబితాలో చూస్తే ఆ పేరున్నవాళ్ళే పదుల సంఖ్యలో తేలారు. మనవాడు వాళ్ళలో ఉన్నాడో లేడో చెప్పలేం.

అతను కూడా రిటైరయి ఛప్రాలోనే ఉంటున్నాడు. మోకాళ్ళ నొప్పులు, చేతిలో మనవలు. నెలకోసారి ఫోన్ చేస్తాను. ఎవరు అని అడగడు. ఎత్తగానే, "బోలో జహాజీ, కుఛ్ మిలా?" అంటాడు. ఇంకా లేదని చెబుతాను. వచ్చే నెల ఫిజీ జాబితా చూద్దామని అనుకున్నాం.