నాసియా: గుర్రం నుదుటి జుట్టుకూ ఒక తారీఖ్ ఉంది

గుర్రం ఎత్తు ఎక్కడిదాకా కొలవాలి? పాతబస్తీలో బారాత్ గుర్రాన్ని నడిపించే ఏ సైసును అడిగినా మూపు మీద చెయ్యి వేసి చూపిస్తాడు. దునియా అంతటా దస్తూర్ అదే. ఒక్క అమెరికన్ మినియేచర్ హార్స్ దగ్గర మాత్రం హిసాబ్ వేరు. 1978లో ఏర్పడ్డ అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ కాయిదా ప్రకారం ఈ బుల్లి గుర్రం 34 అంగుళాలు దాటకూడదు. ఆ కొలత మూపు శిఖరం నుంచి తీయరు, జూలులో ఆఖరి వెంట్రుక మొలిచిన చోటు నుంచి తీస్తారు. మూపు దాటాక వీపు కాస్త కిందికి దిగుతుంది కదా, ఆ ఆఖరి వెంట్రుక ఎంత వెనక్కి ఉంటే గుర్రం అంత పొట్టిది అవుతుంది. ఒక్క వెంట్రుక మీద గుర్రం జాత్ తేలుతుందన్నమాట!

జూలును ఉర్దూలో అయాల్ అంటారు. చెవుల మధ్య నుంచి నుదుటి మీదికి జారే కుచ్చు కాకుల్. అరబీలో ఆ కుచ్చునీ, అది మొలిచే పేషానీనీ కలిపి నాసియా అంటారు. షో రింగులోకి దింపే ముందు ఈ బుల్లి గుర్రాల అయాల్, కాకుల్ మీద యజమానులు పెట్టే మెహనత్ చూస్తే మన పెళ్లికొడుకుల ముస్తాబు దాని ముందు ఏపాటిది? సగం ఇటు, సగం అటు పడే జూలును నీళ్లతో తడిపి, ఒకే వైపుకు దువ్వి, వదులుగా జడలు అల్లి వదిలేస్తారు. రోజుల తరబడి అలా చేస్తేగానీ అది మాట వినదు. మెడ లావుగా కనిపించకుండా చెవుల వెనక కొంత మేర జూలును పూర్తిగా గొరిగేస్తారు, దానికి బ్రైడిల్ పాత్ అని పేరు. మూతి మీద రేజర్ కూడా నడుస్తుంది.

ఇంత జిద్దీ జూలు వీటికి ఎక్కడి నుంచి వచ్చింది? వీటి రక్తంలో పెద్ద హిస్సా స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల పోనీలది. అక్కడ చెట్టు నీడ లేదు, సముద్రపు గాలీ వానా ఏడాది పొడవునా ఉంటాయి. ఆ మౌసమ్‌లో దట్టమైన జూలే వాటికి కంబళి, కాకులే గొడుగు. 1842లో బ్రిటన్ ఒక కానూన్ తెచ్చి ఆడవాళ్లనూ, పదేళ్ల లోపు మగపిల్లలనూ బొగ్గు గనుల లోపల పని చేయించకూడదంది. పిల్లలు లాగిన బండ్లను లాగడానికి ఈ పొట్టి గుర్రాలు దిగాయి. ఇరుకు సొరంగాల్లో చిక్కుకోకుండా వాటి జూలు కత్తిరించారు. దీవిలో కంబళి అయినది గనిలో అడ్డమైంది, షో రింగులో మళ్లీ సింగారమైంది. అదే జుట్టు. మారింది మనిషి జరూరత్ మాత్రమే.

షోలో జడ్జీలకు కావలసింది మరో రకం తమాషా. గుర్రం పొట్టిగా ఉండాలి, మగర్ షెట్లాండ్‌లా బొద్దుగా కనిపించకూడదు. సన్నటి మూతి, పొడుగు మెడ, పట్టులాంటి పలచని జూలు ఉన్న అరబ్బీ గుర్రాన్ని కుదించినట్టు ఉండాలి. అందుకే ఆ రేజర్, ఆ బ్రైడిల్ పాత్. కుదరత్ ఇచ్చిన మోటు జుట్టును అరబ్బీ జుల్ఫులుగా మార్చే కోషిష్ అది.

సరే, అసలు అరబ్బులు ఈ జుట్టు గురించి ఏమనుకున్నారు? ఇక్కడే కథ నాకు దిల్‌చస్ప్‌గా అనిపిస్తుంది.

ఇస్లాంకు ముందు, జాహిలియా జమానాలో, యుద్ధఖైదీని ప్రాణాలతో విడిచిపెట్టేటప్పుడు అతని నుదుటి జుట్టు కత్తిరించి పంపే రివాజు అరబ్బుల్లో ఉండేది. నువ్వు నా దయ మీద బతికావు అని చెప్పడం అది. నాసియా అంటే ఇజ్జత్. అది ఎవడి చేతిలో ఉంటే వాడు మాలిక్. ప్రతి ప్రాణి నాసియా అల్లాహ్ పట్టులోనే ఉందని ఖుర్ఆన్ సూరా హూద్‌లో చెప్పిన మాటను ఆనాటి అరబ్బు ఎలా విని ఉంటాడో దీన్నిబట్టి ఖయాల్ చేయండి.

గుర్రాల నాసియాలో ఖియామత్ దాకా ఖైర్ ముడిపడి ఉందన్న హదీస్ మనలో చాలామందికి తెలుసు. బుఖారీలో దాన్ని రివాయత్ చేసిన వారిలో హజ్రత్ ఉర్వా అల్ బారిఖీ (రజి) ఒకరు. ఆయన ఇంట్లో డెబ్బై గుర్రాలు చూశానని ఒక రావీ చెప్పాడు. ఒక దీనార్‌కు గొర్రె కొనుక్కురమ్మని ప్రవక్త (స) పంపితే రెండు గొర్రెలు కొని, ఒకటి దీనార్‌కు అమ్మి, రెండో గొర్రెనూ దీనార్‌నూ తెచ్చి ముందుపెట్టిన తెలివైన తాజిర్ కూడా ఈయనే. సహీహ్ ముస్లింలో హజ్రత్ జరీర్ (రజి) చెప్పిన దృశ్యం మరోటి ఉంది: ప్రవక్త (స) ఒక గుర్రం నుదుటి జుట్టును తన వేలికి చుట్టుకుంటూ ఆ మాట అన్నారట. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఆయన తన పైవస్త్రంతో గుర్రం మొహం తుడుస్తూ కనిపించిన రివాయత్ ఉంది. గుర్రాన్ని కట్టుకోండి, దాని నాసియానూ పిరుదులనూ నిమరండి, మెడకు పట్టీ కట్టండి, కానీ దిష్టికి వింటినారి మాత్రం కట్టకండి అని అబూ దావూద్‌లో ఇంకో రివాయత్.

ఆ అబూ దావూద్‌లోనే, జిహాద్ అధ్యాయంలో, అసలు హదీస్ ఉంది. గుర్రాల నాసియా కత్తిరించకండి, జూలు కత్తిరించకండి, తోక కత్తిరించకండి. ఎందుకు? తోక దానికి ఈగలు తోలుకునే విసనకర్ర, జూలు దానికి వెచ్చదనం, నాసియాలో ఖైర్ ఉంది.

మనలో కొందరు ఈ హదీస్‌లో బరకత్ మాట ఒక్కటే పట్టుకుంటారు. నేను మాత్రం మిగతా రెండు కారణాల దగ్గర ఆగుతాను. ఈగలు, చలి. ఈ రెండూ మనిషి జరూరత్‌లు కావు, జానవర్ జరూరత్‌లు. జుట్టు ఎవరిది అన్న సవాల్‌కు ఇక్కడ సాఫ్‌గా జవాబ్ ఉంది: అది గుర్రానిది. అందం అనే మాటే అందులో రాలేదు.

దాదాపు వెయ్యేళ్ల ముందు గ్రీకు సిపాహీ జెనోఫోన్ గుర్రపు స్వారీ మీద రాసిన చిన్న కితాబ్‌లో ఈ బాత్‌కు దగ్గరగా వెళ్లాడు. కాకుల్‌ను నీళ్లతో కడగమన్నాడు. అది గుర్రం చూపుకు అడ్డం కాదు, కంటికి ఇబ్బంది పెట్టేవాటిని తోలడానికి దేవతలు ఇచ్చారన్నాడు. అదే జెనోఫోన్ మరో ముచ్చట కూడా రాశాడు. జూలు ఒత్తుగా ఉన్నంతకాలం ఆడగుర్రం గాడిదను దగ్గరికి రానివ్వదట! అందుకని కంచరగాడిదల్ని పుట్టించేవాళ్లు ముందు ఆడగుర్రం జూలు కత్తిరించేవారట. నిజమో కాదోగానీ గురూర్ జుట్టులో ఉంటుందని, అది పోతే తల దిగుతుందని గ్రీకులూ నమ్మారు, ఖైదీ నాసియా కోసిన అరబ్బులూ నమ్మారు. జెనోఫోన్ జమానాలో రికాబు లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కాలు పెట్టి ఎక్కడానికి ఏమీ లేనప్పుడు చేతికి దొరికేది జూలే. సవారుకు అది పిడి.

కత్తిరించిన వాళ్లకూ వాళ్ల వజా వాళ్లకుంది. సైబీరియాకు దక్షిణాన అల్తాయ్ కొండల్లో, పజిరిక్ అనే చోట, క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందటి సర్దారుల సమాధులు మంచులో గడ్డకట్టి దొరికాయి. పక్కనే పూడ్చిన గుర్రాలు చర్మంతో, వెంట్రుకలతో సహా మిగిలాయి. వాటి జూలు పొట్టిగా కత్తిరించి ఉంది. గుర్రం మీద నుంచి బాణం వేసేవాడి వింటికి జూలు తగులుకుంటుంది, అందుకే కత్తిరించారని పండితుల అందాజా. మరి అందం? దానికి తోలుతో, నమదాతో చేసిన జూలు తొడుగులు తొడిగారు. అస్లీ జుట్టు తీసేసి నక్లీ జుట్టు పెట్టడం అప్పుడే మొదలైంది! ఇప్పుడవన్నీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్నాయి.

మదీనాలో జూలు కత్తిరించకండి అన్న ఆ 7వ శతాబ్దంలోనే చీనాలో తాంగ్ బాద్షా తాయ్‌జోంగ్ తను జంగ్‌లలో ఎక్కిన ఆరు గుర్రాలను తన సమాధి కోసం రాతిలో చెక్కించాడు. వాటి జూలు కోట బురుజులా మూడు కుచ్చులు నిలబెట్టి, మధ్యలో కత్తిరించి ఉంటుంది. అది అక్కడి దర్బారీ ఫ్యాషన్. ఆ ఆరు రాళ్లలో నాలుగు షియాన్‌లో ఉన్నాయి, రెండు ఫిలడెల్ఫియా చేరాయి. జూలు మీద బాద్షాహీ ముద్ర ఎలా ఉంటుందో చూడాలంటే వాటిని చూడాలి.

మన హిందుస్తాన్‌కు వద్దాం. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో గుర్రపు సామాన్ల జాబితా రాస్తూ యాల్‌పోష్ అనే వస్తువు పేరు చెప్పాడు. యాల్ అన్నా అయాల్ అన్నా ఒకటే, జూలు. అంటే జూలు తొడుగు. పజిరిక్ తొడుగుకు రెండు వేల ఏళ్ల తర్వాతి చుట్టం. అస్తబల్ నౌకర్ల వరసలో సైసు, నాల్‌బంద్, బైతార్, నీళ్లు మోసే ఆబ్‌కష్‌లతో పాటు సిపంద్‌సోజ్ అని ఒకడున్నాడు. వాడి పని సిపంద్ గింజలు కాల్చి పొగ వేసి గుర్రాలకు నజర్ తగలకుండా చూడటం. వింటినారి కట్టొద్దన్న రివాయత్ ఒకవైపు, తనఖా తీసుకుని దిష్టి తీసే నౌకర్ ఒకవైపు. మన తారీఖ్‌లో ఇలాంటివి దాచుకోనక్కర్లేదు. మొఘల్ తస్వీరుల్లో తోకకూ కాళ్లకూ మెహందీ ఎరుపు పూసిన గుర్రాలు కూడా కనిపిస్తాయి.

ఇంకో షౌఖ్ జుట్టు పెరిగే తీరులో ఫాల్ చూడటం. తెలుగులో సుడి అంటాం, ఉర్దూలో భౌరీ. సంస్కృతంలో శాలిహోత్రుడి పేరు మీద సాగిన అశ్వశాస్త్రంలోనూ ఉంది, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమూ ఆ దారిదే, ఫారసీ ఫరస్‌నామాల్లోనూ ఉంది. శాలిహోత్రుడి పేరే ఉర్దూలో సలోత్రీ అయి, పశువుల డాక్టరుకు మాటగా మిగిలింది. శ్లోకం రాసినవాడు ఎవరు, కల్మా చదివినవాడు ఎవరు అని గుర్రం చూడలేదు, వైద్యమూ చూడలేదు. రేఖ్తీ షాయరీకి పేరుపడ్డ సాదత్ యార్ ఖాన్ రంగీన్ గుర్రాల బేరంలో కూడా మాహిర్. 1795లో ఉర్దూ షేర్లలోనే ఫరస్‌నామా రాశాడు, 1911లో ఫిల్లట్ దొర దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. ఏ సుడి ముబారక్, ఏది మన్హూస్ అన్న చర్చ అందులోనూ ఉంది. గొంతు మీద ఉండే సుడిని దేవ్‌మన్ అంటారు, అది శుభం. కంటి కింద సుడి మంచిది కాదంటారు. ఈ హిసాబ్ తెలిసిన ఖరీదుదారు ముందు పళ్లు చూస్తాడు, తర్వాత కాకుల్ ఎత్తి పేషానీ చూస్తాడు, జూలు తిరగేసి మెడ చూస్తాడు. నిజాం ఇలాకాలో గుర్రాలకు మష్హూర్ అయిన మాలెగావ్ జాతర (నాందేడ్ వైపుది, నాసిక్ దగ్గరిది కాదు) లాంటి సంతల్లో ఒక్క సుడి తప్పు చోట ఉంటే మంచి గుర్రం ధర కూడా పడిపోయేది. బేజుబాన్ జానవర్ నసీబ్ వెంట్రుకల తిరుగుడు మీద తేలడం నాకు ఏ రకంగానూ ఇన్సాఫ్ అనిపించదు.

హైదరాబాద్‌లో జూలుకు కత్తెర ఎక్కువగా తగిలింది పోలో మోజులో. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అఫ్సరుల్ ముల్క్ చేతిలో ఫౌజు, పోలో రెండూ ఎదిగాయి. పోలో గుర్రానికి జూలు ఉంచరు. కర్రకూ కళ్లానికీ తగులుకుంటుందని మెడ వెంట సాఫ్‌గా గొరుగుతారు, తోకను మడిచి కట్టేస్తారు. ఈగల విసనకర్రా పోయింది, వెచ్చదనమూ పోయింది. పక్కా నమాజీ నవాబులు కూడా తమ గుర్రాలను అలాగే మైదానంలోకి దింపారు, హదీస్ ఎవరికీ అడ్డం రాలేదు. ఆట కొద్దిసేపటిది, దెబ్బ తగలకుండా ఉండటానికే కదా అని మీరు అనవచ్చు. అది నేనూ కాదనను. పోలో వాడికి కనీసం ఒక వజా ఉంది, పజిరిక్ విలుకాడికీ ఉంది, గని వాడికీ ఉంది. మూతికి రేజర్ పెట్టే షో వాడికి ఏముంది?

ఎందుకంటే మూతి మీద, కళ్ల చుట్టూ ఉండే పొడుగు వెంట్రుకలు జుట్టు కాదు. వాటి మొదళ్లలో నరాలు ఉంటాయి. గుర్రానికి తన ముక్కు కింద ఏముందో కనబడదు. గడ్డీ ముల్లూ తేడా, చీకట్లో గోడ ఎంత దూరమో ఆ వెంట్రుకలే చెబుతాయి. జర్మనీ వాటిని తీయడాన్ని చాలా ఏళ్ల కిందే మనా చేసింది. అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య 2021 జులై 1 నుంచి, వైద్యం కోసం తీస్తే తప్ప, ఆ వెంట్రుకలు గొరిగిన గుర్రాన్ని తన పోటీల్లోకి రానివ్వడం లేదు. బుల్లి గుర్రాల షోలు ఆ సమాఖ్య కిందికి రావు. అక్కడ పోటీకి ముందు ఇప్పటికీ జడ విప్పి, కాకుల్ తడిపి దువ్వి, మూతి నున్నగా గీస్తున్నారు.